సోయా గింజ సైజు: ఎఫ్1 మొక్క మీద గింజలన్నీ ఒకేలా ఎందుకున్నాయి?

సాగరతీర విత్తు (విశాఖపట్నం)

అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఎమ్మెస్సీ జెనెటిక్స్ చేస్తున్నాను, ఫైనలియర్. ప్రాజెక్టుకి సోయా చిక్కుడు తీసుకున్నాను. ఇక్కడ సోయా ఎవరు వేస్తారమ్మా అని మాత్రం అడక్కండి, ఆ మాట ఇంట్లో విన్నాను, డిపార్ట్‌మెంట్‌లో విన్నాను, చివరికి ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో కూడా విన్నాను (వాళ్ళకి సోయా అంటే మీల్ మేకర్ ప్యాకెట్టే).

విషయం ఏంటంటే, లావు గింజ రకాన్ని తల్లిగా, చిన్న గింజ రకాన్ని తండ్రిగా పెట్టి క్రాస్ చేశాను. వంద గింజల బరువు తల్లిది 18 గ్రాములు, తండ్రిది 9 గ్రాములు. క్రాస్ చేసిన కాయల్లో వచ్చిన గింజలు అచ్చం తల్లి గింజల్లాగే ఉన్నాయి. సరే అనుకుని అవి నాటితే, ఆ ఎఫ్1 (క్రాస్ తర్వాత మొదటి తరం) మొక్కలకి కాసిన గింజల బరువు వందకి 12.8 వచ్చింది. మధ్యలో ఉంది కాబట్టి బాగానే ఉందనుకున్నాను. కానీ ఒక్కో మొక్క గింజలు పళ్ళెంలో పోసి చూస్తే అన్నీ దాదాపు ఒకే సైజు! అవి ఎఫ్2 (రెండో తరం) గింజలు కదా, జన్యువులు విడిపోవాల్సిన తరం కదా, మరి ఒకే కాయలో ఒకటి లావు ఒకటి సన్నం ఎందుకు రాలేదు? మెండెల్ బఠాణీల్లో ఒకే కాయలో గుండ్రటివీ ముడతలు పడ్డవీ 3:1 లో వచ్చాయని ఇంటర్ నుంచి చదువుతూనే ఉన్నాం. నా క్లాస్‌మేట్లు "నీ క్రాస్ ఫెయిల్, అవి సెల్ఫ్ అయిన (తన పుప్పొడితోనే కట్టిన) గింజలు" అని తేల్చేశారు. గైడ్‌కి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, గింజ ఆకారం (పొడవు, వెడల్పు, మందం) కూడా కొలవమన్నారు, అది సైజుతోపాటే వస్తుందా, వేరే లెక్కా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

---

నెట్‌హౌస్ తాతయ్య

అమ్మా, ముందు ఒక్క మాట చెప్పు. నీ తల్లి రకం పువ్వు ఏ రంగు? తండ్రిది ఏ రంగు? ఎఫ్1 మొక్కలు ఏ రంగు పూశాయి? అది చెప్పకుండా ఫెయిల్ అని ఎలా తేల్చారు మీ క్లాస్‌మేట్లు!

---

సాగరతీర విత్తు

తల్లి తెలుపు సార్, తండ్రి ఊదా. ఎఫ్1 మొక్కల్లో నేను ఉంచుకున్నవన్నీ ఊదా పూలే. ఒకటి రెండు తెల్లవి పూస్తే పీకేశాను, అలా చెయ్యమని మా సీనియర్ చెప్పింది.

---

నెట్‌హౌస్ తాతయ్య

అయితే నీ క్రాస్ దివ్యంగా ఉంది, పోయి హాయిగా పడుకో. సోయాలో ఊదా పువ్వు తెలుపు మీద బహిర్గతం (డామినెంట్), రెండూ కలిస్తే ఊదానే కనిపిస్తుంది. తెల్లపువ్వు తల్లికి పుట్టిన మొక్క ఊదా పూసిందంటే పుప్పొడి బయటనుంచి వచ్చిందన్నమాటే. సోయా స్వపరాగ సంపర్కం చేసుకునే పంట, సహజంగా వేరే పుప్పొడి పడేది ఒక శాతం కూడా ఉండదు, కాబట్టి ఆ పుప్పొడి నువ్వు వేసిందే. ఆ తెల్లవి సెల్ఫ్ అయినవి, పీకి మంచిపని చేశావు. మీ సీనియర్ ఎవరో గానీ పని తెలిసిన పిల్ల.

అసలు సోయాలో క్రాస్ చెయ్యడమే ఒక తపస్సు. పువ్వు అరంగుళం కూడా ఉండదు. మొగ్గలోంచి రేకుల కొస అప్పుడే తొంగిచూస్తున్నప్పుడు పట్టుకోవాలి, ఒకరోజు ఆలస్యమైతే లోపల పుప్పొడి రాలిపోయి పని అయిపోతుంది. పట్టకారుతో రక్షకపత్రాలు ఒక్కొక్కటీ లాగి, రేకుల్ని కేసరాలతో సహా తీసి, కీలాగ్రం విరగకుండా పుప్పొడి అద్దాలి. ఇంత చేశాక సగానికి పైగా రాలిపోతాయి. అందుకే మేము ఎప్పుడూ తెల్లపువ్వునే తల్లిగా పెట్టేవాళ్ళం, మొలకదశలోనే కాండం అడుగున ఊదా చార కనిపిస్తుంది, పువ్వు దాకా ఆగక్కర్లేదు. గింజలు ఒకేలా ఎందుకున్నాయన్నది వేరే ప్రశ్న, దానికి ఇక్కడ కుర్రాళ్ళు నాకన్నా బాగా చెబుతారు.

---

పప్పుబద్ద

నేను చెప్తా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మెండెల్ బఠాణీలో ముడతలు అనేది పిండం లక్షణం, అంటే బద్దల లక్షణం. పిండి పదార్థానికి కొమ్మలు వేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, ఆ జన్యువులోకి బయటి డీఎన్ఏ ముక్క ఒకటి దూరడంతో అది పనిచెయ్యడం మానేసింది (ఇది 1990లో తేల్చారు). పిండి తగ్గి చక్కెర పేరుకుంటుంది, చక్కెర నీళ్ళు పట్టుకుంటుంది, ఎండాక ముడుచుకుంటుంది. ఇదంతా జరిగేది బద్దల లోపల. బద్దలు కొత్త తరానివి, కాబట్టి ఒకే కాయలో పక్కపక్కనే రెండు రకాలూ కనిపిస్తాయి. అదే మెండెల్ అదే బఠాణీలో చూసిన పైపొట్టు రంగు అలా కాదు. పొట్టు తల్లి కణజాలం. ఒక మొక్క గింజలన్నిటికీ ఒకే పొట్టు రంగు, తేడా తెలియాలంటే ఇంకో తరం ఆగాలి. మన పాఠ్యపుస్తకాలు ఈ రెండిటినీ ఒకే పట్టికలో పక్కపక్కన వేసి వదిలేస్తాయి, అక్కడే అందరం తికమకపడతాం.

సోయా గింజ సైజు చాలావరకు ఈ రెండో కోవలోకి వస్తుంది. పిండానికి తల్లి మొక్కతో నేరుగా నాళాలు ఉండవు. చక్కెర తల్లి నాళాల్లోంచి పొట్టు దాకా వస్తుంది, పొట్టు దాన్ని బయటికి వదిలితే పిండం పీల్చుకుంటుంది. పొట్టు ఎంత సాగుతుంది, ఎంత చక్కెర వదులుతుంది, మొక్క ఎన్ని కాయలకి పంచాలి, ఇవన్నీ తల్లి చేతిలోవే. స్వీట్10ఏ అనే జన్యువు గురించి 2020లో వచ్చిన పని చూడండి, 15వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, పొట్టులోంచి పిండానికి చక్కెర దాటించే ద్వారం అది. అడవి సోయాని మనిషి మచ్చిక చేసుకున్న క్రమంలో ఈ జన్యువు బలమైన రూపమే ఎంపికవుతూ వచ్చింది. గింజ పెరిగింది, నూనె పెరిగింది, ప్రొటీన్ తగ్గింది. అది పనిచేసే చోటు పొట్టు, అంటే తల్లి!

ఇప్పుడు మీ పళ్ళెంలో గింజల సంగతికి వస్తే, లోపలి పిండాలు ఎఫ్2, నిజమే, కానీ వాటిని పెంచింది ఎఫ్1 మొక్క. ఎఫ్1 మొక్కలన్నీ జన్యుపరంగా ఒకటే. కాబట్టి గింజలూ ఒకేలా ఉన్నాయి. క్రాస్ కాయలో గింజలు తల్లిలా ఉండటానికీ ఇదే కారణం. మీరు ఎదురుచూస్తున్న తేడా ఈ గింజలు నాటి, ఆ ఎఫ్2 మొక్కలకి కాసిన గింజలు తూచినప్పుడు కనిపిస్తుంది, అది కూడా కాయకీ కాయకీ మధ్య కాదు, మొక్కకీ మొక్కకీ మధ్య.

---

క్రోమోజోమ్20

@పప్పుబద్ద బాగా చెప్పావు గురూ, కానీ "చాలావరకు తల్లి" అన్నదాన్ని జనం "మొత్తం తల్లి" అని చదువుతారు. పిండం వైపు కూడా ఎంతోకొంత ఉంది. లావు గింజ రకాల బద్దల్లో కణాల సంఖ్యే ఎక్కువ. బద్దలు విడదీసి, అందరికీ ఒకే చక్కెర ద్రావణం ఇచ్చి గాజు పాత్రలో పెంచినా కణాలు ఎక్కువున్న బద్దలే వేగంగా పెరుగుతాయి. ఆ కణాల సంఖ్య తల్లి మీద ఉన్నప్పుడే ఖరారైంది కదా అంటే దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు, అది వేరే గొడవ.

@సాగరతీర విత్తు, 3:1 అనే ఆలోచనని మాత్రం పూర్తిగా వదిలెయ్యండి. వచ్చే తరంలో కూడా లావు, సన్నం అని రెండు కుప్పలు రావు. గింజ బరువుకి సంబంధించిన క్యూటీఎల్‌లు (ఇలా కొలిచే లక్షణాన్ని కదిపే క్రోమోజోమ్ భాగాలు) ఇప్పటికి వందల్లో నమోదయ్యాయి, 20 క్రోమోజోముల్లో ఏదీ ఖాళీ లేదు. పైగా సోయా జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) రెండుసార్లు రెట్టింపైంది, ఒకసారి సుమారు 5.9 కోట్ల ఏళ్ళ క్రితం, మళ్ళీ 1.3 కోట్ల ఏళ్ళ క్రితం. 2010లో విలియమ్స్ 82 రకం జీనోమ్ చదివినప్పుడు ముప్పావు వంతు జన్యువులకి ఒకటికి మించి కాపీలున్నాయని తేలింది. ఒక కాపీ చెడితే ఇంకోటి ఆదుకుంటుంది, అందుకే ఒక్క జన్యువుతో పెద్ద తేడా చూపించడం కష్టం. మీ రెండు రకాల మధ్య కనీసం ఐదు జన్యువుల్లో తేడా ఉందనుకుందాం, అచ్చం తల్లిలాంటి 18 గ్రాముల జన్యురూపం మళ్ళీ దొరకాలంటే 1024 ఎఫ్2 మొక్కల్లో సగటున ఒకటి. వంద మొక్కలు వేసి లావు గింజ రాలేదని ఏడవకండి.

తేడా కనిపెట్టిన కొన్ని జన్యువులు మాత్రం భలే ఉంటాయి. 2017లో పీపీ2సీ-1 అని ఒకటి బయటపడింది, గింజ బరువు పెంచే రూపం అడవి సోయా నుంచి వచ్చింది! వంద గింజలు రెండు గ్రాములు తూగడమే గొప్పైన మొక్క దగ్గర బరువు పెంచే జన్యువు ఉందని ఎవరనుకుంటారు. అది కూడా అండం పైపొరల్లో (తర్వాత పొట్టుగా మారేవి) కణాలని పెద్దవి చేస్తుంది, అంటే మళ్ళీ తల్లి వైపే (పప్పుబద్ద గారికి ఒక పాయింటు). 17వ క్రోమోజోమ్ మీద కిక్స్8-1 అని ఉంది, అది పనిచెయ్యకపోతే గింజతోపాటు ఆకులు కూడా పెద్దవవుతాయి, ఎందుకంటే అది కణ విభజనకి బ్రేకు. ఇక నా పేరున్న 20వ క్రోమోజోమ్ మీద పవర్1, 2022లో తేల్చారు. దాన్లోకి 321 అక్షరాల గెంతే డీఎన్ఏ ముక్క ఒకటి దూరింది. దూరినవాటిలో గింజ బరువు, నూనె, దిగుబడి పెరిగి ప్రొటీన్ తగ్గింది, ఈరోజు సాగులో ఉన్న రకాల్లో దాదాపు అన్నీ దూరిన బాపతే. గింజ లావు కావాలి, ప్రొటీన్ కూడా పెరగాలి అని ప్రపోజల్స్‌లో రాసేస్తుంటారు గానీ రాసినంత సులువు కాదది.

---

సాగరతీర విత్తు

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా క్లాసులో కూడా చెప్పలేదు. ఈ పోస్టు ప్రింట్ తీసి క్లాస్‌మేట్ల బల్ల మీద పెడతాను. ఆకారం సంగతి ఎవరూ చెప్పలేదు? వెర్నియర్‌తో కొలుస్తుంటే మూడు కొలతలూ సైజు పెరిగితే పెరుగుతున్నాయి, ఇంక ఆకారం అని వేరేగా ఏం చెప్పాలో అర్థం కావట్లేదు.

---

పప్పుబద్ద

విడి కొలతలు చూస్తే అలాగే ఉంటుంది. నిష్పత్తులు తీయండి: పొడవు/వెడల్పు, పొడవు/మందం, వెడల్పు/మందం. మూడూ ఒకటికి దగ్గరగా ఉంటే గింజ గోళీలా ఉన్నట్టు. మందం బాగా తగ్గితే చదును రకం. సైజుని ఇలా పక్కకి తీసేశాక మిగిలేదే ఆకారం. అడవి సోయా గింజ చిన్నదే కాదు, నొక్కినట్టు చదునుగా, పొడుగ్గా ఉంటుంది. సాగు రకం ఉబ్బి గుండ్రంగా అయింది. ఈ మందం మీద 2022లోనే రెండు జన్యువులు దొరికాయి. 8వ క్రోమోజోమ్ మీద ఎస్‌టీ1, అది కణకవచంలో పెక్టిన్ తయారీకి సంబంధించిన ఎంజైమ్. ఆ జన్యువు గింజ మందంతోపాటు నూనె శాతం మీద కూడా ప్రభావం చూపిస్తుంది. 5వ దాని మీద ఎస్‌టీ05, అది మందాన్నీ సైజునీ రెండిటినీ కదుపుతుంది. అంటే మీ ప్రశ్నకి జవాబు, కొంత కలిసే వస్తుంది, కొంత వేరుగా వస్తుంది. రెండూ కొలవకపోతే ఏది ఎంతో తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త, తేమ. పచ్చికాయలోంచి వలిచిన సోయా గింజ పొడుగ్గా మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. చెట్టు మీద ఎండేకొద్దీ పొడవు వైపు ఎక్కువ ముడుచుకుని గుండ్రంగా తయారవుతుంది. నమ్మకం లేకపోతే రాత్రి గుప్పెడు ఎండు సోయా నీళ్ళలో వేసి పొద్దున్నే చూడండి, ముందు పొట్టు ముడతలు పడి లేచి, తర్వాత లోపలి బద్ద నిండుకుని, గోళీలన్నీ కోలగింజలై కూర్చుంటాయి, బరువు రెట్టింపు దాటుతుంది. మన వైజాగ్ గాలిలో తేమ సంగతి తెలిసిందే కదా, ఉప్పు డబ్బా మూత తీస్తే కారిపోతుంది. సోమవారం కొన్ని, వానపడ్డ గురువారం కొన్ని కొలిస్తే మీరు కొలిచేది జన్యువుని కాదు, వాతావరణాన్ని. అన్నీ ఒకే ఓవెన్‌లో, ఒకే వేడికి, ఒకే తేమకి తెచ్చాకే తూకం, కొలతలు.

వెర్నియర్‌తో వందల గింజలు కొలిస్తే వేళ్ళు పోతాయి. నల్ల చార్టు మీద గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, పక్కన స్కేలు పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీసి ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పొడవు వెడల్పు క్షణంలో ఇస్తుంది. మందం మాత్రం ఫోటోలో రాదు, దానికి కొన్ని గింజలు చేత్తో కొలవాల్సిందే.

---

నల్లరేగడి అన్న (ఆదిలాబాద్)

చెల్లె, మాకు ఇక్కడ సోయా వానాకాలం పంట, చదువు మీ అంత లేదు గానీ ఒక మాట. మీరంతా గింజ లావు చేద్దామని చూస్తున్నారు, రైతుకి లావు గింజ అంటే భయం. లెక్క చూడు. వరసల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 5 పెడితే హెక్టారుకి నాలుగు లక్షల నలభై వేల చిల్లర గింజలు కావాలి. వంద గింజలు 10 గ్రాములైతే 44 కిలోలు, 15 గ్రాములైతే 67 కిలోలు. ఇది అన్నీ మొలిస్తే. సర్టిఫైడ్ విత్తనానికి మొలక 70 శాతం ఉంటే చాలంటారు, ఆ లెక్కన 63 కిలోలు, 95 కిలోలు. విత్తనం ఖర్చు ఎక్కడికి పోయింది చూడు. సంచి మీద కిలోలు రాస్తారు, గింజల లెక్క ఎవరూ రాయరు!

పైగా లావు గింజ నూర్పిడిలో పగులుద్ది. సోయాకి పొట్టు పలచన, మొలక వచ్చే ముక్కు పొట్టు కిందే ఉంటది, థ్రెషర్ వేగం కాస్త ఎక్కువైనా, సంచి ఎత్తునుంచి విసిరినా దెబ్బ లోపల పడుద్ది, పైకి కనిపించదు. జూన్‌లో నాటినాక తెలుస్తది. జేఎస్ 335 అని 1994లో వచ్చింది జబల్‌పూర్ నుంచి, గింజ మరీ లావేం కాదు, కానీ ఏండ్లకేండ్లు దేశమంతా అదే వేశారు. ఎందుకు వేశారో ఆలోచించు.

---

క్రోమోజోమ్20

అన్నా, సంచి మీద వంద గింజల బరువు రాయాలన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. పైగా గింజ లావైతే దిగుబడి పెరుగుతుందన్న గ్యారంటీ కూడా లేదు, గింజ పెరిగితే కాయలో గింజల సంఖ్యో, మొక్కకి కాయల సంఖ్యో తగ్గి లెక్క సరిపోతుంది. సన్నాకు సోయా చూశారా? ఆకు సన్నబడితే నాలుగు గింజలున్న కాయలు ఎక్కువగా వస్తాయి, గింజ చిన్నదవుతుంది, ఆకుకీ కాయకీ ఒకటే జన్యువు. అది కూడా 20వ క్రోమోజోమ్ మీదే, కాలర్ ఎగరేసుకుంటున్నాను.

లావు కావాల్సిన చోటు కూడా ఉంది. పచ్చిగింజ వలుచుకు తినే కూర సోయాకి వంద ఎండు గింజలు 30 గ్రాములు దాటినా కావాలంటారు జపాన్‌లో. అక్కడే పులియబెట్టి తినే నట్టో చేసేవాళ్ళు చిన్న గింజ కోసం వెతుకుతారు. మన దగ్గర కూడా స్వర్ణ వసుంధర అని కూర సోయా రకం ఉంది, రాంచీ పరిశోధన కేంద్రం నుంచి. అరకు వైపు రాజ్మా ఎలాగూ పండిస్తున్నారు, కూర సోయా కూడా అక్కడ ఎవరైనా వేసి చూస్తే బాగుంటుందని నా ఆశ.

---

సాగరతీర విత్తు

నల్లరేగడి అన్నా, మీ లెక్క నా థీసిస్ ఇంట్రడక్షన్‌లో పెట్టుకోవచ్చా? చివరిగా ఒక్క డౌటు. ఇప్పుడు ఎఫ్2 గింజలు ఉన్నాయి, వానాకాలంలో నాటుతాను. వాటిలో లావు గింజలు ఏరి నాటమంటున్నాడు మా ల్యాబ్‌లో ఒకతను. ఏరనా?

---

నెట్‌హౌస్ తాతయ్య

ఏరకు. ఏరితే నీకు దక్కేది కొమ్మ మీద మంచి చోట కాసిన గింజ, మంచి జన్యువు కాదు. కాయ చివర గింజ, మధ్య గింజ ఒకేలా ఉండవు, అడుగు కనుపుల్లో కాసింది పైన కాసింది ఒకేలా ఉండదు. కళ్ళు మూసుకుని తీసి అన్నీ నాటు, రెండు తల్లిదండ్రుల వరసలూ ఎఫ్1 వరసా పక్కనే, అదే రోజు నాటు. వాటిలో మొక్కకీ మొక్కకీ మధ్య వచ్చే తేడా నేలదీ నీళ్ళదీ. ఎఫ్2 లో దానికి మించి వచ్చిన తేడా జన్యువులది. గింజ బరువు దిగుబడిలా నేలకీ నీళ్ళకీ ఊగిపోయే లక్షణం కాదు, ఆ తేడా నీకు బాగానే కనిపిస్తుంది. మొక్కకి కాయలెన్నో కూడా రాసుకో. సోయా పగటి పొడవు చూసి పూసే మొక్క, మన దగ్గర ఎంత పెద్ద పగలైనా పదమూడు గంటలు దాటి కొంచెమే, చల్లని దేశాల రకం వంశంలో ఉంటే మోకాలెత్తు రాకముందే పూసి నాలుగు కాయలు కాసి కూర్చుంటుంది. ఆ నాలుగు కాయల్లో గింజ లావుగా ఉంటే అది తిండి పంచుకునేవాళ్ళు లేకపోవడం వల్ల.

కోతయ్యాక ప్రతి మొక్క గింజలూ విడి కవర్లో, కవర్ మీద పెన్సిల్‌తోనే నంబరు, పెన్ను సిరా ఈ ఊరి చెమ్మకి అలుక్కుపోతుంది. తూచాక సిలికా జెల్ పొట్లం వేసి మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టు. బల్ల మీద వదిలేస్తే వచ్చే జూన్‌కి మీ ఎఫ్3 సగం కూడా మొలవదు.